పేరు పోయినా చోటు వదలని ఫైళ్లు: నా అనుభవం

మా లైనక్స్ సర్వర్‌లో లాగ్‌ల (ప్రోగ్రామ్‌లు తమ పని గురించి రాసుకునే ఫైళ్ల) పార్టిషన్ 100 జీబీ. డిస్క్ వాడకం చెప్పే డీఎఫ్ కమాండ్ చూస్తే వాడకం 95 జీబీ, ఖాళీ సున్నా. అదే పార్టిషన్ మీద, ఫైళ్ల సైజులు కూడే డీయూ కమాండ్ నడిపితే లెక్క 33 జీబీ దగ్గర ఆగింది. మిగతా 62 జీబీ ఎక్కడుందో ఏ డైరెక్టరీలో వెతికినా కనబడదు. నా దగ్గరికి వచ్చేసరికే ఒక పెద్ద లాగ్ ఫైల్‌ను ఎవరో డిలీట్ కమాండ్ ఆర్‌ఎం కొట్టి తీసేశారు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌లో ఆ ఫైల్ లేదు, చోటు మాత్రం తిరిగి రాలేదు. ఇలాంటప్పుడు చాలామంది చెయ్యి ముందు రీబూట్ మీదికే పోతుంది. రీబూట్ చేస్తే చోటు వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రోగ్రామ్ అంత లాగ్ ఎందుకు కక్కిందో చెప్పే ఆధారం ఆ 62 జీబీలోనే ఉంటుంది. రీబూట్‌తో అదీ పోతుంది. అందుకే ఈ పనిని ఎప్పుడూ ఒకే వరసలో చేస్తాను. ఫైల్‌ను పట్టుకున్నదెవరో ముందు కనుక్కుంటాను, డేటాను బయటికి తీసుకుంటాను, ఆ తర్వాతే చోటు విడిపిస్తాను.

ఆర్‌ఎం ఫైల్‌ను చెరపదు. అది అన్‌లింక్ అనే సిస్టమ్ కాల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్‌ను పని అడిగే పిలుపును) పిలుస్తుంది, ఆ కాల్ డైరెక్టరీలోని పేరును తీసేస్తుంది. డైరెక్టరీలో ఉండేవి పేరూ, దాని పక్కన ఒక ఐనోడ్ నంబరూ. సైజు, ఓనర్, పర్మిషన్లు, డేటా ఏ బ్లాకుల్లో ఉందన్న వివరం, ఇవన్నీ ఐనోడ్‌లో ఉంటాయి. కెర్నెల్ ప్రతి ఐనోడ్‌కీ రెండు లెక్కలు చూసుకుంటుంది. ఒకటి లింక్ కౌంట్, అంటే ఈ ఐనోడ్‌కి ఎన్ని పేర్లున్నాయన్నది. ఇది డిస్క్ మీద ఉంటుంది. రెండోది మెమరీలో ఉండే లెక్క, అంటే దీన్ని ప్రస్తుతం ఎవరెవరు తెరిచి ఉంచారన్నది. రెండూ సున్నాకి వస్తేనే బ్లాకులు ఖాళీ జాబితాలోకి వెళ్తాయి. ఒక్క ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) తెరిచి ఉంచినా, పేరు లేకుండానే ఫైల్ బతికి ఉంటుంది. అందులోకి రాయవచ్చు, చదవవచ్చు, అది ఇంకా పెరగవచ్చు కూడా. మా 62 జీబీ అలా పెరుగుతూనే ఉంది.

డీఎఫ్, డీయూ లెక్కలు తేడా రావడం ఇందువల్లే. డీఎఫ్ ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది, ఎన్ని బ్లాకులు వాడకంలో ఉన్నాయని. డీయూ డైరెక్టరీల వెంట నడుస్తూ కనబడిన ప్రతి పేరు కిందా సైజు కూడుకుంటూ పోతుంది. పేరే లేనిది దాని కంటికి ఆనదు.

అయితే తేడా కనబడగానే ఇదే కారణమని తేల్చేయకూడదు. ముందు రెండు మూడు విషయాలు పక్కన పెడతాను. మా పార్టిషన్ మీదున్న ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం బ్లాకుల్ని రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) కోసం దాచి ఉంచుతుంది, 100 జీబీలో 95 దగ్గరే ఖాళీ సున్నా చూపించడానికి కారణం అదే. అది ఖాళీని తగ్గిస్తుందే కానీ వాడకాన్ని పెంచదు, కాబట్టి 62 జీబీకి సమాధానం కాదు. రెండోది, ఫైళ్లున్న డైరెక్టరీ మీదే ఇంకో పార్టిషన్ మౌంట్ అయి (తగిలించి) ఉంటే కింద ఉన్నవి డీయూకి కనబడవు. అనుమానం ఉన్న ఫైల్ సిస్టమ్‌ను వేరే చోట బైండ్ మౌంట్ చేసి (ఇంకో డైరెక్టరీలోనూ కనబడేలా పెట్టి), అక్కడ డీయూ నడిపితే తేలిపోతుంది. మూడోది, ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లేదా జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే స్నాప్‌షాట్లు, అంటే ఒక క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచే ప్రతులు. స్నాప్‌షాట్‌లో ఉన్న ఫైల్‌ను ఎన్నిసార్లు తీసేసినా చోటు రాదు, అక్కడ తెరిచి ఉంచిన ప్రాసెస్ కోసం వెతకడం దండగ.

ఇవేవీ కాకపోతే, తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌ను ప్లస్ ఎల్1 ఇచ్చి నడుపుతాను. లింక్ కౌంట్ ఒకటి కన్నా తక్కువున్న, అంటే పేరు లేని, తెరిచి ఉన్న ఫైళ్లన్నీ చూపిస్తుంది. రూట్‌గానే నడపాలి, లేకపోతే మన ప్రాసెస్‌లు తప్ప ఇంకెవరివీ కనబడవు. మా సర్వర్‌లో వచ్చిన వరస ఇలా చదువుకున్నాను: కమాండ్ జావా, ప్రాసెస్ నంబర్ 2817, ఎఫ్‌డీ కాలమ్‌లో 7డబ్ల్యూ, టైప్ రెగ్యులర్ ఫైల్, సైజు 62 జీబీకి సరిపడే బైట్లు, ఎన్‌లింక్ 0, ఆపైన ఐనోడ్ నంబర్, చివర పాత పాత్, దాని పక్కన బ్రాకెట్‌లో డిలీటెడ్. 7డబ్ల్యూ అంటే 7 నంబర్ ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి ప్రాసెస్ దగ్గర ఉండే నంబర్), రాయడానికి తెరిచింది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ లేని మెషీన్‌లో ఇదే సమాచారం ప్రాక్‌లో (కెర్నెల్ ప్రాసెస్‌ల వివరాలు చూపే డైరెక్టరీలో) దొరుకుతుంది. ప్రతి ప్రాసెస్ నంబర్ కింద ఉండే ఎఫ్‌డీ డైరెక్టరీలన్నిటినీ ఫైండ్‌తో లిస్ట్ చేసి, డిలీటెడ్ అన్న మాట కోసం గ్రెప్ చేస్తే (వెతికితే) సరిపోతుంది.

ఈ జాబితా చదవడంలో రెండు చోట్ల తప్పుదారి పట్టే వీలుంది. ఒకే ఐనోడ్ నంబర్ ఎనిమిది వరసల్లో కనబడితే అది ఎనిమిది ఫైళ్లు కాదు. ఫోర్క్ అయిన (ఒక ప్రాసెస్ నుంచి పుట్టిన) వర్కర్లు అమ్మ ప్రాసెస్ తెరిచిన ఫైల్‌నే పట్టుకుని ఉంటాయి. సైజులు కూడేస్తే డిస్క్ కన్నా పెద్ద అంకె వస్తుంది. పైగా అందులో ఒక్క వర్కర్‌ను ఆపితే చోటు రాదు, అందరూ వదలాలి. రెండోది, జాబితాలో ఉన్నవన్నీ డిస్క్ మీదివి కావు. మెమ్‌ఎఫ్‌డీ అని మొదలయ్యేవీ, షేర్డ్ మెమరీ ముక్కలూ డిలీటెడ్ అనే కనబడతాయి, అవి ర్యామ్‌లో ఉంటాయి. డివైస్ కాలమ్‌లో నంబర్ మన పార్టిషన్‌దేనా అని చూసుకోవాలి.

ఇంకో రకం ఉంది, దాన్ని అసలు ముట్టుకోకూడదు. ఫైల్ తెరిచి, వెంటనే అన్‌లింక్ చేసి, పేరు లేకుండానే వాడుకోవడం యునిక్స్‌లో చాలా పాత పద్ధతి. ప్రోగ్రామ్ ఎలా చచ్చినా తాత్కాలిక ఫైల్ దానంతటదే శుభ్రమైపోతుందన్నది ఇందులోని సుఖం. సీ లైబ్రరీలోని టెంప్‌ఫైల్ ఫంక్షన్ చేసేది అదే. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ కూడా టెంప్ డైరెక్టరీలో ఐబీ అని మొదలయ్యే పేర్లతో ఇలాంటివి పెట్టుకుంటుంది. జాబితాలో అవి కనబడ్డాయని ట్రంకేట్ చేస్తే (సైజును సున్నాకి కోసేస్తే), బాగా నడుస్తున్న డేటాబేస్‌ను మన చేత్తో మనమే పాడుచేసినట్టు.

దొంగ దొరికాక డేటా సంగతి. /ప్రాక్/2817/ఎఫ్‌డీ/7 అనేది చూడటానికి సింబాలిక్ లింక్‌లా (ఇంకో పాత్‌ను చూపే ఫైల్‌లా) ఉంటుంది, డిలీటెడ్ అన్న పాత్‌ను చూపిస్తుంది. మామూలు లింక్ అయితే ఆ పాత్ లేదు కాబట్టి తెరుచుకోకూడదు. ఇది తెరుచుకుంటుంది. కెర్నెల్ ఇక్కడ పాత్‌ను వెతకదు, నేరుగా ఆ డిస్క్రిప్టర్ వెనక ఉన్న ఐనోడ్‌నే ఇస్తుంది. కాబట్టి కాపీ కమాండ్ సీపీతో దాన్ని వేరే పార్టిషన్‌లోకి కాపీ చేసుకోవచ్చు. వేరే పార్టిషన్ అని నొక్కి చెప్పడం ఎందుకంటే, నిండిపోయిన దానిలోకే కాపీ చేయబోయి ఇరుక్కునేవాళ్లుంటారు. ప్రాసెస్ ఇంకా రాస్తూ ఉంటే సీపీ పూర్తయ్యాక పడిన లైన్లు రావు. అవీ కావాలంటే సీపీకి బదులు, ఫైల్ చివరి భాగం చూపే టెయిల్‌కి మైనస్ సీ ప్లస్ 1, మైనస్ ఎఫ్ ఇచ్చి ఔట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లిస్తాను. మొదటి బైట్ నుంచి మొదలుపెట్టి కొత్తగా పడేవాటినీ వెంటబెట్టుకుని వస్తుంది.

కాపీ ఎందుకు, లింక్ పెట్టే ఎల్‌ఎన్ కమాండ్‌కి మైనస్ ఎల్ (పెద్ద అక్షరం) ఇచ్చి ఆ ఐనోడ్‌కే మళ్లీ పేరు పెట్టేస్తే పోలేదా అని తోస్తుంది. పోదు. లింక్ కౌంట్ ఒకసారి సున్నాకి దిగిన ఐనోడ్‌కి కొత్త లింక్ ఇవ్వడానికి కెర్నెల్ ఒప్పుకోదు. లైనక్స్ 3.11లో వచ్చిన ఓ టెంప్‌ఫైల్ ఫ్లాగ్‌తో, పుట్టుకతోనే పేరు లేకుండా తయారైన ఫైళ్లకు మాత్రమే ఆ సదుపాయం ఉంది. తీసేసిన ఫైల్‌కి కాపీ ఒక్కటే దారి.

ఇక చోటు విడిపించడం. ఇక్కడ అన్నిటికన్నా మర్యాదైన పద్ధతి ప్రాసెస్‌నే అడగడం: లాగ్‌ను మూసి మళ్లీ తెరువు అని. వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ అయితే యూఎస్‌ఆర్1 సిగ్నల్ (ప్రాసెస్‌కి పంపే సంకేతం), చాలా డీమన్లకు (వెనక నడిచే ప్రోగ్రామ్‌లకు) హెచ్‌యూపీ. కానీ హెచ్‌యూపీని చూసుకునే కోడ్ ప్రోగ్రామ్‌లో లేకపోతే ఆ సిగ్నల్ దాన్ని చంపేస్తుంది, యూఎస్‌ఆర్1 కూడా అంతే. పంపేముందు ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్‌లో సిగ్‌సీజీటీ అన్న వరస చూస్తాను. అది హెక్సాడెసిమల్ (16 ఆధారంగా రాసే) మాస్క్, అందులో ఒక్కో బిట్ ఒక్కో సిగ్నల్‌ది. హెచ్‌యూపీ ఒకటో నంబర్ సిగ్నల్ కాబట్టి చివరి అంకె బేసి అయితే ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుంటోందని అర్థం, సరి అయితే పట్టుకోవడం లేదు. పట్టుకున్నంత మాత్రాన లాగ్ మళ్లీ తెరుస్తుందని కాదు, అది డాక్యుమెంటేషన్‌లో చూసుకోవాలి. మా జావా అప్లికేషన్‌కి అలాంటి ఏర్పాటు లేదు.

రీస్టార్ట్ చేసే వీలుంటే సర్వీస్‌ను రీస్టార్ట్ చేయడమే శుభ్రమైన పని. ఆ సమయంలో వీలు లేదు. అప్పుడు మిగిలింది ట్రంకేట్, అంటే ఎఫ్‌డీ లింక్ మీదే ట్రంకేట్ మైనస్ ఎస్ 0 నడపడం. ఫైల్ తెరిచే ఉంటుంది, ప్రాసెస్‌కి ఏమీ తెలియదు, బ్లాకులు మాత్రం వెంటనే వదిలిపోతాయి. ఇది చేసేముందు ఎఫ్‌డీఇన్ఫో డైరెక్టరీలో 7 అన్న ఫైల్ తెరిచి చూశాను. ఫ్లాగ్స్ వరసలో 0102001 ఉంది. ఇది ఆక్టల్ (8 ఆధారంగా రాసే) అంకె. చివరి 1 అంటే రాయడానికి మాత్రమే, 2000 అంటే అపెండ్, 100000 పెద్ద ఫైళ్ల ఫ్లాగ్. కుడి నుంచి నాలుగో స్థానంలో 2 గానీ 6 గానీ ఉంటే అపెండ్ ఉన్నట్టే. అపెండ్ ఉంటే ప్రతి రైట్ ఫైల్ చివరికే పోతుంది. చివర ఇప్పుడు సున్నా, కాబట్టి సున్నా నుంచే మళ్లీ మొదలు.

అపెండ్ లేకపోతే సంగతి వేరు. ప్రాసెస్ తన పాత ఆఫ్‌సెట్ (రాస్తున్న చోటు) దగ్గరే ఉంటుంది, అది ఆ ఎఫ్‌డీఇన్ఫో ఫైల్‌లోని పాస్ వరసలో కనబడుతుంది. తర్వాతి రైట్ 62 జీబీ దగ్గర పడుతుంది, ముందంతా హోల్ (బ్లాకులు లేని ఖాళీ) అవుతుంది. సైజు మళ్లీ 62 జీబీ అని చూపిస్తుంది కానీ డిస్క్ మీద కొన్ని బ్లాకులే ఉంటాయి. హోల్‌ను చదివితే అన్నీ నల్ బైట్లే, గ్రెప్ దాన్ని బైనరీ ఫైల్ అంటుంది. తీసేసిన ఫైల్ విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు, అంకె చూసి కంగారు పడకుండా ఉంటే చాలు. పేరున్న లాగ్‌ను ట్రంకేట్ చేసినప్పుడే ఇది నిజంగా విసిగిస్తుంది.

డీబగ్గర్ జీడీబీ తగిలించి లోపలి నుంచి డిస్క్రిప్టర్‌ను క్లోజ్ చేయమనే సలహా కూడా తిరుగుతూ ఉంటుంది. నేను ఆ దారికి పోను. 7 మూసేస్తే, ప్రోగ్రామ్ తర్వాత తెరిచే సాకెట్‌కో డేటా ఫైల్‌కో అదే 7 వస్తుంది. లాగర్‌కి అది తెలియదు, లాగ్ లైన్లన్నీ అందులోకి పోస్తుంది.

ట్రంకేట్ కొట్టగానే డీఎఫ్ 33 జీబీకి దిగింది. ఇంత పెద్ద ఫైల్ విడుదల ఎంత సేపు పడుతుందన్నది ఫైల్ సిస్టమ్‌ను బట్టి ఉంటుంది. ఈఎక్స్‌టీ4లో 4 కేబీ బ్లాకులతో ఒక ఎక్స్‌టెంట్ (వరసగా ఉన్న బ్లాకుల గుంపు) 128 ఎంబీ దాకా ఉండవచ్చు, కాబట్టి ముక్కలు కాని 62 జీబీకి ఐదు వందల ఎక్స్‌టెంట్లు సరిపోతాయి. పాత ఈఎక్స్‌టీ3లో ఒక్కో ఇండైరెక్ట్ బ్లాక్ (డేటా బ్లాకుల నంబర్లు ఉండే బ్లాక్) 4 ఎంబీని మాత్రమే చూపిస్తుంది, అదే ఫైల్‌కి దాదాపు 16 వేల ఇండైరెక్ట్ బ్లాకులు చదవాల్సి వస్తుంది. ఈ శ్రమ ఆర్‌ఎం కొట్టినప్పుడు జరగదని గమనించాలి. ఫైల్ తెరిచి ఉంటే ఆర్‌ఎం క్షణంలో తిరిగి వస్తుంది, బరువంతా ఆఖరిగా క్లోజ్ చేసిన ప్రాసెస్ నెత్తిన పడుతుంది. ఏదో సర్వీస్ ఆపుతుంటే ఉన్నట్టుండి బిగుసుకుపోయినట్టు కనబడటం వెనక ఇలాంటి క్లోజ్ ఒకటి ఉండవచ్చు.

ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1లో ఏమీ దొరక్కపోయినా తేడా అలాగే ఉంటే, పట్టుకున్నది డిస్క్రిప్టర్ కాదేమో అని చూడాలి. ఫైల్‌ను ఎంమ్యాప్ చేసి (మెమరీకి జతచేసి) డిస్క్రిప్టర్ మూసేసినా ఐనోడ్ వదలదు. అది ప్రాసెస్ మ్యాప్స్ ఫైల్‌లో డిలీటెడ్ అని ఉంటుంది, మామూలు ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఎఫ్‌డీ కాలమ్‌లో డీఈఎల్ అని కనబడుతుంది. లూప్ డివైస్ (ఫైల్‌ను డిస్క్‌లా చూపేది) వెనక ఉన్న ఇమేజ్ ఫైల్‌ను తీసేస్తే పట్టుకున్నది కెర్నెలే, ఏ ప్రాసెస్ జాబితాలోనూ రాదు. లోసెటప్ మైనస్ ఎల్ (చిన్న అక్షరం) దాన్ని చూపిస్తుంది. కంటైనర్ (సర్వర్‌లో వేరుచేసి నడిపే వాతావరణం) లోపలి నుంచి వెతికితే ఆ కంటైనర్ ప్రాసెస్‌లే కనబడతాయి, హోస్ట్ (అసలు సర్వర్) మీద వెతకాలి.

లైబ్రరీ అప్‌డేట్లు సాఫీగా జరగడానికీ ఈ పద్ధతే ఆధారం. ప్యాకేజ్ మేనేజర్ కొత్త లైబ్రరీని పక్కన వేరే పేరుతో రాసి, రీనేమ్‌తో పాతదాని స్థానంలో పెడుతుంది. నడుస్తున్నవాళ్లు పేరు పోయిన పాత ఐనోడ్‌నే వాడుకుంటూ ఉంటారు. సెక్యూరిటీ అప్‌డేట్ వేశాక కూడా రీస్టార్ట్ చేసేదాకా పాత కోడే నడుస్తుందన్నమాట, నీడ్‌రీస్టార్ట్ లాంటి టూల్స్ వెతికేది వీటినే. దీనికి బదులు నడుస్తున్న లైబ్రరీ మీద నేరుగా సీపీ చేస్తే అదే ఐనోడ్ ట్రంకేట్ అయి మళ్లీ నిండుతుంది. ఆ మధ్యలో ఆ పేజీలు ముట్టుకున్న ప్రతి ప్రోగ్రామ్ సిగ్‌బస్ అనే సిగ్నల్‌తో కూలిపోవచ్చు.

పేరు లేని ఫైల్ తెరిచి ఉండగా కరెంటు పోతే ఆ చోటు శాశ్వతంగా పోతుందా? జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉన్న ఫైల్ సిస్టమ్‌లో పోదు. ఈఎక్స్‌టీ4 ఇలాంటి ఐనోడ్లను ఆర్ఫన్ (అనాథ) జాబితాలో రాసి పెట్టుకుంటుంది. మొదటి నుంచీ ఉన్న పద్ధతిలో జాబితా తల సూపర్‌బ్లాక్‌లో (ఫైల్ సిస్టమ్ మొత్తం వివరాలుండే బ్లాక్‌లో) ఉంటుంది, ఒక ఐనోడ్ నుంచి ఇంకోదానికి గొలుసు. గొలుసు కోసం వేరే స్థలం పెట్టకుండా, డిలీట్ అయిన సమయం రాసే డీటైమ్ ఫీల్డ్‌లోనే తర్వాతి ఐనోడ్ నంబర్ పెట్టడం నాకు నచ్చిన పొదుపు. తర్వాతి మౌంట్‌లో ఇన్ని ఆర్ఫన్ ఐనోడ్లు డిలీట్ చేశామని కెర్నెల్ లాగ్‌లో ఒక వరస పడుతుంది, అది చూసి భయపడాల్సింది లేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ తన ప్రతి అలొకేషన్ గ్రూప్‌లోనూ (విడగొట్టుకున్న భాగంలోనూ) 64 బకెట్లలో ఇదే పని చేస్తుంది. జర్నల్ లేని ఈఎక్స్‌టీ2లో ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితేనే దారికొస్తుంది. ఇంకొకటి, ఇలాంటి ఫైల్ ఒక్కటి ఉన్నా ఆ ఫైల్ సిస్టమ్‌ను రీడ్ ఓన్లీగా రీమౌంట్ చేయనివ్వదు, బిజీ అంటుంది. రాసేవాళ్లెవరూ లేరు కదా అని తల పట్టుకునేముందు ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూడాలి.

నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో కథ మారుతుంది. వెర్షన్ 3 దాకా ఏ క్లయింట్ ఏ ఫైల్ తెరిచిందో సర్వర్‌కి తెలియదు. అందుకని క్లయింటే ఒక ఉపాయం చేస్తుంది: తాను తెరిచి ఉన్న ఫైల్‌ను తీసేయమంటే తీసేయకుండా, డాట్ ఎన్‌ఎఫ్‌ఎస్ అని మొదలయ్యే పేరుకి రీనేమ్ చేస్తుంది. ఆఖరి క్లోజ్ అప్పుడు నిజంగా తీసేస్తుంది. డైరెక్టరీ మొత్తాన్ని ఆర్‌ఎం చేస్తే ఖాళీగా లేదనో బిజీ అనో రావడానికి కారణం ఇదే. ఆ డాట్ ఫైల్‌ను తీసేయబోయినా లాభం లేదు, పట్టుకున్న ప్రాసెస్‌ను ఆపడమే మందు. క్లయింట్ మధ్యలో క్రాష్ అయితే ఆ ఫైళ్లు సర్వర్‌లో అలాగే ఉండిపోతాయి, వాటిని విడిగా ఏరేయాలి. తెరిచింది ఒక మెషీన్, తీసేసింది ఇంకో మెషీన్ అయితే ఈ ఉపాయం పనిచేయదు. తెరిచినవాడికి స్టేల్ ఫైల్ హ్యాండిల్ అని వస్తుంది.

విండోస్ మొదటి నుంచీ వేరే దారి పట్టింది. ఫైల్ తెరిచేవాడే, ఇతరులు దీన్ని డిలీట్ చేయవచ్చా లేదా అని షేరింగ్ మోడ్‌లో చెబుతాడు. షేర్ డిలీట్ ఇవ్వకపోతే డిలీట్ చేయబోయినవాడికి ఎర్రర్ 32. ఇచ్చి ఉంటే డిలీట్ ఒప్పుకుంటుంది కానీ, పాత పద్ధతిలో పేరు అక్కడే ఉండిపోతుంది, ఆఖరి హ్యాండిల్ (తెరిచినవాడి పట్టు) మూసేదాకా. ఈలోగా అదే పేరుతో కొత్త ఫైల్ తెరవబోతే ఎర్రర్ 5, యాక్సెస్ డినైడ్. యాంటీవైరస్ ఒక్క క్షణం ఫైల్‌ను పట్టుకున్నప్పుడు, తీసేసి వెంటనే మళ్లీ సృష్టించే బిల్డ్ స్క్రిప్టులు అప్పుడప్పుడు విఫలమయ్యేది ఇందుకే. ముందు ఎవరికీ అక్కరలేని పేరుకి రీనేమ్ చేసి, తర్వాత డిలీట్ చేయడం దీనికి పాత మందు. విండోస్ 10 కాలంలో విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి పోసిక్స్ (యునిక్స్ ప్రమాణం) తరహా డిలీట్ వచ్చింది, అందులో పేరు వెంటనే పోతుంది. అప్పుడు కూడా షేర్ డిలీట్ ఇవ్వని హ్యాండిల్ ఉంటే అడ్డమే. నడుస్తున్న ఈఎక్స్‌ఈని డిలీట్ చేయనివ్వదు కానీ రీనేమ్ చేయనిస్తుంది, అప్‌డేటర్లు ఆ సందులోంచే పని కానిస్తాయి. ఎవరు పట్టుకున్నారో రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్ కింద అసోసియేటెడ్ హ్యాండిల్స్‌లో ఫైల్ పేరు వెతికితే తెలుస్తుంది.

మా సర్వర్‌లో చివరిగా సరిచేసింది, పాత లాగ్‌లను పక్కకు తీసి కొత్తవి మొదలుపెట్టే లాగ్‌రొటేట్ కాన్ఫిగ్. అందులో కంప్రెస్ (పాత లాగ్‌ను కుదించడం) ఉంది, డిలే కంప్రెస్ (తర్వాతి రొటేషన్ దాకా ఆగి కుదించడం) లేదు, అప్లికేషన్‌కి చెప్పే పోస్ట్‌రొటేట్ (రొటేషన్ తర్వాత నడిచే స్క్రిప్ట్) కూడా లేదు. ఆర్‌ఎం కొట్టకపోయినా ఈ కాన్ఫిగ్ అదే పరిస్థితి తెచ్చేది. లాగ్‌రొటేట్ ఫైల్‌ను రీనేమ్ చేస్తుంది, అప్లికేషన్ పాత ఐనోడ్‌లోకే రాస్తూ ఉంటుంది, కంప్రెస్ అయ్యాక అసలు ఫైల్ అన్‌లింక్ అవుతుంది. ఆ తర్వాత పడే లైన్లు కుదించిన ఏ జీజెడ్ ఫైల్‌లోనూ ఉండవు, పేరు లేని ఫైల్‌లో చోటు మాత్రం తింటూ ఉంటాయి. అప్లికేషన్‌కి లాగ్ మళ్లీ తెరిచే ఏర్పాటు లేదు, ఫైల్‌ను తెరిచింది అపెండ్‌తో. అందుకని కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలు ఫైల్‌ను ట్రంకేట్ చేయడం) పెట్టాం. కాపీకీ ట్రంకేట్‌కీ మధ్య పడే కొన్ని లైన్లు పోవచ్చు, దానికి సిద్ధపడే పెట్టాం. మళ్లీ తెరవగలిగే ప్రోగ్రామ్ అయితే క్రియేట్ (అదే పేరుతో కొత్త ఫైల్), పోస్ట్‌రొటేట్‌లో సిగ్నల్, దానికి తోడు డిలే కంప్రెస్, ఇదే నా ఎంపిక. ఏది పెట్టినా లాగ్‌రొటేట్‌ను మైనస్ ఎఫ్‌తో బలవంతంగా ఒకసారి నడిపి, ఎల్‌ఎస్ మైనస్ ఐ చూపించే ఐనోడ్ నంబరూ, ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఆ ప్రాసెస్ పక్కన ఉన్న నంబరూ ఒకటేనా అని సరిచూస్తాను. వేరువేరుగా ఉంటే ప్రాసెస్ ఇంకా పాత ఫైల్‌లోకే రాస్తోంది.